కొత్త సూటు అరువు కోటులా ఎందుకుంది?

ప్రశ్న: ఆఫీసులో నా బాధ్యతలు మారాయి. ఇకమీదట సమావేశాలకు సూటు తప్పనిసరి. మొదటిసారిగా రెండు గుండీల నేవీ బ్లూ రెడీమేడ్ సూటు కొన్నాను. షాపు అద్దంలో బాగానే అనిపించింది. ఇంట్లో ఫోటోలు తీయించుకుని చూస్తే మాత్రం ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టుంది. మెడ వెనక కోటు కాలర్ ఎడంగా నిలబడుతోంది. కోటు చేతులు బొటనవేలి మొదలు దాకా దిగుతున్నాయి. ప్యాంటు బూట్ల మీద కుప్పగా పడుతోంది. టై చూస్తే పొట్ట మీదే ఆగిపోయింది. ఖరీదైన బూట్లు, మంచి టై కొంటే సరిపోతుందా? టైలర్‌కు ఇవ్వాలా? లేక సూటే మార్చేయాలా? నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, కోటు సైజు 40. ఇంకా బయటికి వేసుకెళ్లలేదు.

జవాబు: బూట్లు, టై కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసిన నాలుగు లోపాల్లో టై పైసా ఖర్చు లేకుండా సరిపోతుంది. చేతులు, ప్యాంటు ఏ టైలర్‌కైనా మామూలు పని. అనుమానించాల్సింది కాలర్‌నే. ఒక్కోసారి లోపం కనపడేది కాలర్ దగ్గర, ఉండేది భుజంలో. భుజమే తప్పయితే మిగతావి ఎన్ని సరిచేయించినా డబ్బు దండగ. కాబట్టి ముందు భుజం, తర్వాత కాలర్, ఆ తర్వాత కోటు పొడవు చూడండి. ఈ మూడూ బాగుంటే టైలర్ దగ్గరికి, లేకపోతే తిరిగి షాపుకి. కత్తెర పడ్డ సూటును వెనక్కి తీసుకోరు కాబట్టి ట్యాగులు తెంపకుండానే ఇవన్నీ తేల్చుకోండి.

సూటుతో వేసుకోబోయే చొక్కా, బూట్లు వేసుకుని నిలబడండి. జేబులు ఖాళీ చేయండి. కోటుకి పై గుండీ ఒక్కటే పెట్టి, చేతులు మామూలుగా వదిలేయండి. అద్దం ముందుకు రాగానే ఛాతీ విరిచి, పొట్ట లోపలికి పీల్చి నిలబడటం అందరికీ ఉన్న అలవాటే, కానీ షాపులో సూటు సరిపోయినట్టు కనిపించడానికి సగం కారణం అదే. రోజూ ఎలా నిలబడతారో అలాగే నిలబడి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి మూడు ఫోటోలు తీయించుకోండి. అద్దంలో వీపు చూసుకోవాలని మెడ తిప్పితే కాలర్ కదిలిపోతుంది, కొలత తేలదు.

భుజం కుట్టు మీ భుజం ఎముక ముగిసేచోటే ముగియాలి. అంతకన్నా బయటికి వస్తే కోటు భుజంలో ఉండే ప్యాడ్ పక్కకి పొడుచుకొచ్చి, దాని కింద కోటు చెయ్యి లోపలికి కుంగుతుంది. లోపలే ఆగిపోతే చెయ్యి కండ కుట్టును దాటి బయటికి ఉబ్బి, కుట్టు కింద చిన్న సొట్ట పడుతుంది. కంటికి తేలకపోతే గోడకి పక్కగా నిలబడి మెల్లగా గోడవైపు ఒరగండి. ప్యాడ్ ముందు గోడకి తగిలి చెయ్యి ఇంకా దూరంగానే ఉంటే భుజం పెద్దది. చెయ్యి ముందే తగిలి ప్యాడ్ వెనకబడితే చిన్నది. రెండూ దాదాపు ఒకేసారి తగలాలి.

భుజం సరిచేస్తామనే టైలర్లు లేకపోలేదు. కానీ ప్యాడ్, ఆకారం నిలిపే లోపలి బిరుసు గుడ్డ (కాన్వాస్), చెయ్యి పైభాగం, అస్తరు అన్నీ వచ్చి కలిసేది అక్కడే. దాన్ని విప్పడమంటే సగం కోటు విప్పడం. భుజం తగ్గించగానే చంక చుట్టుకొలత మారుతుంది, దాంతో చెయ్యి కూడా మళ్లీ కోసి ఎక్కించాలి. రెడీమేడ్ కోటుకి అంత పని చేయించడం దండగ. భుజం పావు అంగుళం అటూ ఇటూ ఉంటే సర్దుకోవచ్చు. అర అంగుళం దాటితే సైజు మార్చుకోండి.

ఇక కాలర్. మెడ వెనక కోటు కాలర్ చొక్కా కాలర్‌ని అంటుకుని ఉండాలి. చొక్కా కాలర్ దానిపైన అర అంగుళం కనిపించాలి. మీరు చెప్పిన ఆ ఎడం, చేతులు చాచినప్పుడో, కూర్చున్నప్పుడో తీసిన ఫోటోలో కనిపించి ఉంటే అది లోపం కాదు, ఏ కోటైనా అలా జరుగుతుంది. లోపలి జేబులో బరువైన ఫోనుంటే అదీ ముందుకి లాగి కాలర్‌ని ఎత్తుతుంది. ఖాళీ జేబులతో, చేతులు వదిలేసి నిలబడ్డా ఎడం కనిపిస్తేనే అది నిజమైన లోపం. అప్పుడు రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. కోటు మెడ మీ మెడకన్నా పెద్దదైతే కాలర్ విప్పి, పొడవు తగ్గించి మళ్లీ కుట్టవచ్చు. ఇది అనుభవమున్న చెయ్యి చేయాల్సిన పని, అయినా జరిగే పనే. మీ తల, భుజాలు కాస్త ముందుకి వంగి ఉండే తీరు అయితే వీపు మీద గుడ్డ చాలక కోటు మెడని వదిలేస్తుంది. లోపల మార్జిన్, అంటే కుట్టులో మిగిల్చిన గుడ్డ, పెద్దగా లేని రెడీమేడ్ కోటులో దీనికి మందు లేదు, వేరే కంపెనీ కోత ప్రయత్నించాలి. ఎడం లేదు గానీ కాలర్ కింద అడ్డంగా గుడ్డ ముడత పడుతోందంటే అక్కడ గుడ్డ ఎక్కువైందని అర్థం. భుజాలు ఎత్తుగా, నిటారుగా ఉండేవాళ్లకి ఇది మామూలే. కాలర్‌ని కొద్దిగా కిందికి దించి కుడితే పోతుంది.

పొడవు విషయంలో, 40 అన్న అంకె పక్కన ఏ అక్షరం ఉందో చూడండి. 40 అన్నది ఛాతీ కొలత మాత్రమే. చాలా కంపెనీలు అదే ఛాతీకి మూడు పొడవులు కుడతాయి: ఎస్ అంటే పొట్టి, ఆర్ మధ్యస్థం, ఎల్ పొడుగు. మీ ఎత్తుకి సాధారణంగా ఎస్ సరిపోతుంది, షాపుల్లో ఎక్కువగా చేతికొచ్చేది ఆర్. మీ కోటు చేతులు అంత కిందికి దిగడం చూస్తే మీకిచ్చింది 40ఆర్ అనే అనిపిస్తోంది. ఎస్ కోటులో పొడవూ చేతులూ తగ్గడమే కాదు, నడుము, గుండీ, జేబులు కూడా అన్నీ పైకి జరిగి ఉంటాయి. ఆర్ కోటు కింద కోసి పొట్టి చేస్తే ఆ జరగడం రాదు. జేబులు అంచుకి దగ్గరైపోయి, కోటు పైన పొడుగు కింద పొట్టిగా కనిపిస్తుంది. అందుకే కోటు పొడవు అర అంగుళానికి మించి కోయించవద్దు.

సరైన పొడవు తెలుసుకోవడానికి మెడ వెనక కాలర్ కుట్టు నుంచి నేల దాకా కొలిచి సగం చేయండి. మీ ఎత్తువాళ్లకి అది సుమారు 29 అంగుళాల దగ్గర తేలుతుంది. వెనక నుంచి చూస్తే కోటు అంచు పిరుదుల వంపుని కప్పి, అక్కడితో ఆగాలి. చెయ్యి వదిలేసి, వేళ్లు ముడిస్తే అంచు అందాలన్న లెక్క అంత నమ్మదగింది కాదు, చేతుల పొడవు మనిషికొక తీరు. పొట్టిగా ఉంటే కుర్రవాడిలా కనిపిస్తామని సీటు బయటపడేంత చిన్న కోటు కొనేవాళ్లూ ఉన్నారు. ఎత్తు తక్కువవాళ్లకి అది ఇంకా నష్టం, నడుం కింద భాగమంతా బరువుగా కనిపిస్తుంది.

భుజం, కాలర్, పొడవు నిలబడ్డాయనుకుందాం. ఇక టైలర్ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు అదే చొక్కా, అవే బూట్లు ఉండాలి. చెప్పులతో వెళ్లి ప్యాంటు పొడవు కొలిపించుకోవడం వల్లే సగం ప్యాంట్లు పాడవుతాయి.

చేతుల కొలత చొక్కాతో మొదలుపెట్టాలి, కోటుతో కాదు. చొక్కా కఫ్ మణికట్టు, అరచెయ్యి కలిసే గీత దగ్గర ఆగాలి. కోటు చెయ్యి దానికన్నా అర అంగుళం పైన, అంటే మణికట్టు ఎముక దగ్గర ముగియాలి. ఆ అర అంగుళం తెలుపు కనిపించడమే సూటు కొలిచి కుట్టించినట్టు అనిపించడానికి పెద్ద కారణం. చొక్కా చెయ్యే పొట్టిగా ఉంటే కోటు ఎంత కోసినా ఇది రాదు. రెండు చేతులకీ విడిగా చాక్ గుర్తు పెట్టించండి, చాలామందికి రెండు చేతులూ, రెండు భుజాల ఎత్తూ ఒకేలా ఉండవు.

కోయమనే ముందు కోటు చేతి గుండీల దగ్గర కాజాలు నిజంగా తెరిచినవేనా అని చూడండి. ఉత్తుత్తి కాజాలైతే ఆ దారం విప్పి, గుండీలు పైకి జరిపి, ఒక అంగుళం పైనే తగ్గించవచ్చు. నిజంగా కోసిన కాజాలైతే వాటిని జరపలేరు. కఫ్ వైపు అర అంగుళం తగ్గిస్తేనే చివరి గుండీ అంచుకి అంటుకుపోతుంది. అంతకు మించి తగ్గించాలంటే చెయ్యి భుజం దగ్గర విప్పి పైనుంచి కోయాలి. పని ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. మీకు తగ్గించాల్సింది అంగుళం పైనే ఉండేలా ఉంది కాబట్టి ఇది ముందే తెలుసుకోండి. కాజాలు తెరిచినవని తేలితే 40ఎస్‌కి మార్చుకోవడమే చవక.

నడుము దగ్గర గుండీ పెట్టాక కోటుకీ చొక్కాకీ మధ్య అరచెయ్యి పరిచి దూర్చగలగాలి. గుప్పిట సులువుగా దూరితే లూజు. గుండీ చుట్టూ ఇంటూ గుర్తులా నాలుగువైపులా ముడతలు లాగుతుంటే టైటు. లూజు తగ్గించడం తేలిక, వీపు మధ్య కుట్టు, పక్క కుట్లు పట్టుకుని మొత్తం మీద రెండు అంగుళాల దాకా లోపలికి తీస్తారు. టైటుని వదులు చేయాలంటే లోపల మార్జిన్ ఉండాలి, అది ఉంటే గింటే అంగుళమే. కొనేటప్పుడు రెండు సైజుల మధ్య ఊగిసలాడితే, భుజం కుదిరినంత వరకు పెద్దదే తీసుకోవాలనేది ఇందుకే. కోటు వెనక చీలికలు నిలబడ్డప్పుడు మూసుకుని ఉన్నాయో లేదో కూడా చూడండి. విచ్చుకుంటున్నాయంటే సీటు దగ్గర బిగుతుగా ఉన్నట్టు.

ప్యాంటు బూట్ల మీద కుప్ప పడటానికి కారణం పొడవే అని వెంటనే కోయించేయకండి. ముందు ప్యాంటు ఎక్కడ కట్టుకుంటున్నారో చూడండి. సూటు ప్యాంటు జీన్స్ కాదు, తుంటి మీదకి జారకూడదు. బొడ్డుకి కొంచెం కిందగా, నడుము ఎముకల పైన నిలవాలి. అక్కడికి ఎత్తి కడితే అంగుళం పొడవు దానంతటదే తగ్గుతుంది. పైగా కోటు గుండీ కింద, బెల్టు పైన తెల్ల చొక్కా త్రికోణంలా బయటపడే వికారమూ పోతుంది. ఆ త్రికోణం ఒక్కటి చాలు, కోటూ ప్యాంటూ వేర్వేరు మనుషులవేమో అనిపించడానికి. నడుము లూజై జారుతుంటే వెనక కుట్టులో అంగుళం, అంగుళంన్నర తగ్గిస్తారు. రెడీమేడ్ సూట్లలో ఛాతీకి, ప్యాంటు నడుముకి మధ్య తేడా సాధారణంగా 6 అంగుళాలు పెడతారు. 40 కోటుతో 34 నడుము వస్తుంది. మీ నడుము 32 అయితే లూజు రాక మానదు, అది మీ తప్పు కాదు.

తర్వాత పొడవు. బాటమ్, అంటే ప్యాంటు కాలి కింది అంచు, పరిచి అడ్డంగా కొలిస్తే ఏడున్నర అంగుళాల లోపుంటే, ప్యాంటు అంచు బూటుని ముట్టీ ముట్టనట్టు ఆగాలి. సన్న బాటమ్‌లో పొడవు ఎక్కువైతే దిగడానికి దారిలేక గుడ్డ మడతలు మడతలుగా కూర్చుంటుంది, మీ ఫోటోలో కనిపించేది బహుశా అదే. 8 అంగుళాలు దాటిన బాటమ్‌కి ముందువైపు ఒక చిన్న మడత పడేంత పొడవు ఉండొచ్చు. వెనకవైపు అంచు ముందుకన్నా పావు నుంచి అర అంగుళం కిందికి వాలేలా ఏటవాలుగా కుట్టమనండి. అప్పుడు మడమ మీద సాక్సు కనపడదు, ముందు గుడ్డ పోగుపడదు. కోసిన గుడ్డలో కనీసం అంగుళంన్నర లోపలికి మడిచి వదలమనండి. లోపల గుడ్డ మిగిలుంటే బరువుకి అంచు నిలకడగా వాలుతుంది, రేపు పొడవు పెంచుకునే దారీ ఉంటుంది. పిక్కలకి అంటుకునేంత సన్నం చేయించవద్దు. నడిచి ఆగిన ప్రతిసారీ గుడ్డ పిక్క మీద ఆగిపోతుంది, వంగి లాక్కోవాల్సి వస్తుంది.

సూటు ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాక చేయాల్సిన పనులు మరికొన్ని. కోటు వెనక చీలికల దగ్గర ఇంటూ ఆకారంలో తెల్లదారం కుట్టు ఉంటుంది. రవాణాలో ఆకారం చెడకుండా వేసిన కచ్చా కుట్టు అది. చిన్న కత్తెరతో మధ్యలో కత్తిరించి లాగేయండి. ఎడమ చేతి కఫ్ మీద కంపెనీ లేబుల్ ఉంటే దాని నాలుగు మూలల దారాలు తెంపి తీసేయండి. లేబుల్ సహా సమావేశాలకు వచ్చేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, పాపం వాళ్లకి ఎవరూ చెప్పరు. పక్క జేబులు కుట్టేసి ఉంటే మాత్రం విప్పకపోవడమే మంచిది. విప్పితే ఏదో ఒకటి వేస్తారు, జేబు సంచిలా వేలాడుతుంది. రుమాలు పెట్టుకునేటట్టయితే ఛాతీ జేబు ఒక్కటి తెరవండి.

రెండు గుండీల కోటుకి పైది ఒక్కటే పెట్టాలి, కిందది ఎప్పుడూ పెట్టకూడదు. ఇదేదో ఆచారం అనుకుంటారు గానీ కోటు కోతే అలా ఉంటుంది. పై గుండీ దగ్గర నుంచి ముందు అంచులు రెండువైపులకీ విడిపోయేలా కోస్తారు. కిందది పెడితే తుంటి దగ్గర గుడ్డ బిగిసి, నడుము ముడతలు పడుతుంది. మూడు గుండీలదైతే మధ్యది తప్పనిసరి, పైది మీ ఇష్టం, కిందది వద్దు. కూర్చునేటప్పుడు గుండీ తీయండి, లేవగానే పెట్టండి. ఒకదాని మీద ఒకటి వచ్చే డబుల్ బ్రెస్టెడ్ కోటు మాత్రం నిలబడ్డంతసేపూ మూసే ఉండాలి, తెరిస్తే రెండు రెక్కలు వేలాడతాయి.

టై విషయానికొస్తే, మామూలు టై పొడవు 58 అంగుళాల దగ్గర ఉంటుంది, మీ ఎత్తుకి అది ధారాళంగా సరిపోతుంది. పొట్ట మీదే ఆగిందంటే వెడల్పు కొసని పొట్టిగా వదిలి ముడి మొదలుపెట్టారు, లేదా పెద్ద విండ్సర్ ముడి వేశారు. ఆ ముడికి చుట్లు ఎక్కువ, పొడవు మింగేస్తుంది. ఒకే చుట్టుతో వేసే ఫోర్ ఇన్ హ్యాండ్ ముడికి మారండి. వెడల్పు కొస సన్న కొసకన్నా 12 అంగుళాలు కిందికి ఉండేలా మెడలో వేసుకుని మొదలుపెట్టండి. అటూ ఇటూ అంగుళం మార్చుకుంటూ రెండు మూడుసార్లు వేస్తే మీ లెక్క మీకు దొరుకుతుంది. కొస బెల్టు బకిల్ మీద వాలాలి. ముడి బిగించేటప్పుడు దాని కింద మధ్యలో చూపుడువేలితో నొక్కి పట్టుకుంటే చిన్న గుంట పడుతుంది, అది లేకపోతే టై రేకులా చదునుగా ఉంటుంది. టై వెడల్పు కోటు లాపెల్ (ఛాతీ మీద వెనక్కి మడిచి ఉండే పట్టీ) వెడల్పుకి దగ్గరగా ఉండాలి. 3 నుంచి మూడుంబావు అంగుళాల టై చాలా కోట్లకి నప్పుతుంది. టై, జేబు రుమాలు ఒకే గుడ్డతో సెట్‌గా అమ్ముతారు, కొనకండి. తెల్ల నూలు రుమాలు ఏ టైకైనా సరిపోతుంది.

బూట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. నేవీ బ్లూకి నలుపు, ముదురు గోధుమరంగు రెండూ వెళ్తాయి. ముందు చివర చతురస్రంగా కోసినట్టుండేవి, సాగదీసినట్టు మొనదేలినవి వద్దు. బెల్టు బూట్ల రంగుకి దగ్గరగా, అంగుళంబావు వెడల్పున, చిన్న బకిల్‌తో ఉంటే చాలు. బెల్టు, సస్పెండర్లు (ప్యాంటుని పట్టి ఉంచే భుజం పట్టీలు) రెండూ కలిపి వాడరు. సాక్సు రంగు ప్యాంటుకి సరిపోవాలి, బూటుకి కాదు. పొడవు పిక్క పైదాకా ఉండాలి, కాలు మీద కాలు వేసుకుంటే చర్మం కనిపించకూడదు. తెల్ల చొక్కా కింద తెల్ల బనీను స్పష్టంగా కనిపిస్తుంది, ఒంటి రంగుకి దగ్గరదో లేత బూడిదరంగుదో కనపడదు.

సూటుకి ఖరీదు బాగానే పెట్టి ఉంటారు కాబట్టి లేబుల్ మీద సూపర్ 120 లాంటి అంకె చూసి మురిసిపోయే అవకాశముంది. ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్నమో మాత్రమే చెబుతుంది. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, సూపర్ 120 అంటే 17.75కి మించకూడదు. సన్నబడేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది, ముడతలూ అరుగుదలా పెరుగుతాయి. వారానికి రెండు మూడుసార్లు వేసుకునే సూటుకి 100, 110 చాలు. 150 ఆఫీసు కుర్చీకి తట్టుకోదు. లేబుల్ మీద పాలిస్టర్ ఎక్కువ శాతం కనిపిస్తే ఇస్త్రీ విషయంలో జాగ్రత్త, వేడి ఎక్కువైతే మోచేతుల దగ్గరా సీటు దగ్గరా మెరుపు పడుతుంది, అది పోదు.

ఇస్త్రీ పెట్టె నేరుగా కోటు మీద పెట్టొద్దు. తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డ మధ్యలో వేసి నొక్కి ఎత్తాలి, రుద్దకూడదు. లాపెల్ మడతని కాగితం మడిచినట్టు పదునుగా నొక్కేవాళ్లు ఎక్కువ. అది గుండీ దగ్గర మెత్తగా ఒంపు తిరగాలి గానీ గీతలా విరగకూడదు. మామూలు ముడతలకి ఇస్త్రీ కూడా అక్కర్లేదు. స్నానాల గది ఆవిరిలో అరగంట వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటాయి. హ్యాంగర్ భుజం చివరలు రెండు అంగుళాలైనా వెడల్పుండాలి, సన్న తీగ హ్యాంగర్ భుజాల మీద బుడిపెలు తెస్తుంది. ఒకసారి వేసుకున్న కోటుకి ఒక రోజు విశ్రాంతి ఇచ్చి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే డ్రైక్లీనింగ్ మరకలు పడ్డప్పుడో, వాసన పట్టినప్పుడో ఇస్తే సరిపోతుంది. వేసుకున్న ప్రతిసారీ ఇస్తే రసాయనాలకి ఉన్ని పొడిబారుతుంది. చవక కోటులో గుడ్డకీ లోపలి పొరకీ మధ్య జిగురు ఊడి ఛాతీ దగ్గర బుడగలు లేస్తాయి, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. మరక ప్యాంటు మీదే ఉన్నా కోటుని కూడా కలిపి ఇవ్వండి. ఒకటే పదేపదే శుభ్రమైతే రంగు తేలి, కొన్నాళ్లకి రెండూ ఒకే సూటువి కానట్టు కనిపిస్తాయి.